కోర్గి బొమ్మ కాదు, ఆవుల్ని తోలే కుక్క

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో కోర్గి కుక్కల గురించి వేసిన అరపేజీ కథనం చదివాను. ఫొటోలు ముచ్చటగా ఉన్నాయి. రాసినవారికి కుక్కలంటే ఇష్టమని కూడా తెలుస్తోంది. అయితే అందులో రెండు మాటలు చూశాక ఊరుకోలేకపోయాను. "చిన్న కుక్క కాబట్టి ఫ్లాట్‌లో ఒక మూల పడి ఉంటుంది, పెద్దగా తిప్పనక్కర్లేదు" అన్నది ఒకటి. "ఎండాకాలంలో బొచ్చు మొత్తం తీయించేస్తే హాయిగా ఉంటుంది" అన్నది రెండోది. మొదటిది నమ్మినవాళ్ల ఇంట్లో సోఫా మిగలదు. రెండోది నమ్మితే కుక్కకే ముప్పు.

నేను ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం తిరుమల ఘాట్ రోడ్డు మీదే గడిచింది. కుక్కల డాక్టర్ని కాను. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ముచ్చటపడి కోర్గి పిల్లను కొన్నాడు. ఏడాది తిరక్కుండానే కంపెనీ వాణ్ని ఐర్లాండ్‌కు పంపింది. కుక్క మాత్రం తిరుపతి పక్కన అవిలాలలో మా ఇంటికి చేరింది. మా వీధిలో సాయంత్రం పూట ఖరీదైన కుక్కల్ని పట్టుకుని తిరిగే పెద్దవాళ్లలో చాలామంది కథ ఇదే. వాడు పెట్టిన పేరు కోకో. మా ఆవిడ కోమలి అంటుంది. అది రెండింటికీ పలుకుతుంది. గిన్నె చప్పుడైతే ఎవరి పేరు పిలిచినా పలుకుతుంది.

మొదట్లో దీన్ని చూడ్డానికి జనం ఆగేవాళ్లు. మా వీధికి పాలు పోసే పెద్దాయన ఒకరోజు క్యాను దించి, దాన్ని ముందు నుంచి వెనక దాకా చూసి, "ఏం సామీ, ఇది పుంగనూరు కుక్కా?" అని అడిగాడు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్లకు తప్ప ఇంకెవరికీ రాని సందేహం అది. మూడడుగులకు అటూ ఇటూ ఉండే ఆవును చూసి పెరిగినవాళ్లం కదా, పొట్టి జంతువు ఏది కనిపించినా పుంగనూరే గుర్తొస్తుంది. నిజానికి ఆయన ఊహ మరీ దూరంగా పోలేదు. కోర్గికీ ఆవుకీ చుట్టరికం పాతదే.

బ్రిటన్‌లో పడమటి వైపున్న వేల్స్ కొండప్రాంతంలో రైతులు ఆవుల్ని తోలడానికి పెంచిన జాతి ఇది. మంద వెనకాల చేరి, ఆగిపోయిన ఆవు కాలి మడమ దగ్గర చిన్నగా కొరికి, వెంటనే నేలకు కరుచుకుపోవడం దీని పని. ఆవు తన్నితే ఆ తన్ను నెత్తి మీదుగా గాల్లోకి పోతుంది. కాళ్లు పొట్టిగా ఉండడం అందుకే అక్కరకొచ్చింది. ఇందులో రెండు రకాలున్నాయి. పెంబ్రోక్ వెల్ష్ కోర్గికి చెవులు నిక్కబొడుచుకుని, మొహం నక్కలా ఉంటుంది. తోక పుట్టుకతోనే పొట్టిగా ఉండొచ్చు, లేదా కత్తిరించి ఉండొచ్చు, కత్తిరించకపోతే పొడవుగానూ ఉండొచ్చు. కార్డిగన్ వెల్ష్ కోర్గి కాస్త బరువైనది, చెవుల చివర గుండ్రంగా ఉంటుంది, నక్కకున్నట్టు నిండైన పొడవాటి తోక ఉంటుంది. కుక్కల జాతుల్ని నమోదు చేసే బ్రిటన్ కెన్నెల్ క్లబ్ 1934 నుంచి ఈ రెండింటినీ వేర్వేరు జాతులుగా చూస్తోంది. మీరు వేసిన ఫొటోల్లో ఒకటి కార్డిగన్‌ది, కింద పేరు మాత్రం పెంబ్రోక్ అని పడింది. చెవులు, తోక కలిపి చూస్తే తెలిసిపోతుంది.

ఎలిజబెత్ రాణి సంగతి మీ కథనంలో ఉంది కాబట్టి దాని జోలికి ఎక్కువ పోను. 1944లో 18వ పుట్టినరోజుకు కానుకగా వచ్చిన సూసన్ అనే కుక్క, దాని సంతానం, ఆ సంతానానికి సంతానం, అలా ముప్పైకి పైగా కోర్గిల్ని ఆమె పెంచారు. 2022లో అంత్యక్రియల రోజు విండ్సర్ కోట దగ్గర రెండు కోర్గిలు నిలబడి ఉండడం టీవీలో అందరం చూశాం. మీరు రాయనిది ఒకటుంది. 1991లో తన కుక్కలు కొట్లాడుకుంటుంటే విడదీయబోయి రాణిగారే కరిపించుకుని, చేతికి కుట్లు వేయించుకున్నారు. కోట నిండా నౌకర్లున్న ఇంట్లోనే అది అలా ఉంటే, మన రెండు పడకగదుల ఇళ్ల సంగతి మీరే ఊహించుకోండి.

ఇది పనికుక్క అని నాకు పుస్తకాల్లో చదివి తెలియలేదు. మా బావమరిదికి చంద్రగిరి దగ్గర పాడి ఉంది, అన్నీ జెర్సీ క్రాస్ ఆవులు. కనుమ పండక్కి వెళ్లినప్పుడు కోకోను కూడా తీసుకెళ్లాం. సాయంత్రం మేత నుంచి వచ్చిన ఆవుల్లో ఒకటి కొట్టం గడప దగ్గర మొండికేసింది. బావమరిది అదిలించాడు, తోక మెలేశాడు, కదల్లేదు. అప్పటిదాకా నా కాళ్ల దగ్గర పడుకున్న కుక్క లేచింది. మొరగలేదు. తల దించుకుని ఆవు వెనక నుంచి ఒక పక్కగా వచ్చి, ఎడమ కాలి గిట్టకు పైన ముందరి పళ్లతో పట్టీ పట్టనట్టు పట్టి వదిలేసింది. ఆవు ఫట్టున తన్నింది. గిట్ట తగిలి గడప పక్కనున్న కుడితి తొట్టి దొర్లింది. కుక్క అప్పటికే పొట్ట నేలకానించి పడుకుని ఉంది. మళ్లీ లేచి రెండో కాలి వైపు వెళ్లేసరికి ఆవు దానంతటదే లోపలికి నడిచింది. "ఇది యాడ నేర్చుకునింది బావా?" అని బావమరిది నన్ను అడిగాడు. ఎక్కడ నేర్చుకుంటుంది? బెంగళూరులో అపార్ట్‌మెంట్ లిఫ్టు తప్ప అది చూసిందేముంది? వందల ఏళ్ల పని దాని ఒంట్లో ఉంది.

మీ కథనంలోని మొదటి మాట తప్పని నేననడానికి కారణం ఇదే. ఆ పని లేని చోట కోర్గి పని వెతుక్కుంటుంది. పరిగెత్తే పిల్లల మడమల్ని పట్టుకుంటుంది. అది కోపంతో కరవడం కాదు, మందను కూడగట్టడం. కానీ మూడేళ్ల పిల్లకు ఆ తేడా తెలియదు, పక్కింటివాళ్లకు అసలే తెలియదు. మా మనవరాలు వచ్చినప్పుడు కొన్నాళ్లు మాకు ఇదే టెన్షన్. కొట్టినా తిట్టినా లాభం లేదు. పిల్ల పరుగు మొదలుపెట్టగానే బంతి విసరడం, "ఆగు" అనగానే కూర్చుంటే ఒక శనగగింజంత తిండి పెట్టడం, ఇలా చేస్తూ పోతే దారికొచ్చింది. తెలివైన జాతి, తిండికి ఆశపడే జాతి. ఈ రెండూ కలిస్తే నేర్పడం కష్టం కాదు. రోజూ గంటకు తగ్గకుండా నడక ఉండాలి, రెండు విడతలైనా సరే. దానికి తోడు కాస్త మెదడుకు పని. తిండి గిన్నెలో పోసేయకుండా గుడ్డలో చుట్టి ఇచ్చి విప్పుకోమన్నా చాలు. ఇవేవీ లేకపోతే మొరుగుతుంది. పొట్టి కుక్కే కానీ గొంతు మాత్రం పెద్ద కుక్కది. గేటు ముందు స్విగ్గీ బండి ఆగితే మా వీధి చివరిదాకా తెలుస్తుంది.

ఇక బొచ్చు సంగతి. కోర్గికి బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. పైది కాస్త గరుకు, వానను, ఎండను చర్మం దాకా రానివ్వదు. లోపలిది దూదిలాంటి మెత్తటి పొర. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడం వల్లే చాలావరకు వేడి పోతుంది. బొచ్చంతా మిషన్‌తో గీసేస్తే చల్లబడదు సరికదా, ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. తిరిగి వచ్చే బొచ్చు కూడా చాలాసార్లు సరిగా రాదు, అట్టలు కట్టినట్టు వస్తుంది. చేయాల్సిందల్లా లోపలి పొరలో ఊడిన బొచ్చును దువ్వి తీసేయడం. అప్పుడు గాలి ఆడుతుంది. వారానికి రెండుసార్లు దువ్వాలి. ఏడాదిలో రెండుసార్లు బొచ్చు కుప్పలుగా రాలే రోజుల్లో ప్రతిరోజూ దువ్వాలి. ఆ రోజుల్లో మా ఇంట్లో ఫ్యాను రెక్కల మీద, దేవుడి గూట్లో, నా తెల్ల పంచెల మీద, ఆఖరికి పెరుగు గిన్నె మూత మీద కూడా బొచ్చే. మడి, ఆచారం గట్టిగా పాటించే ఇళ్లవాళ్లు ఈ ఒక్క విషయం ముందే ఆలోచించుకోవడం మంచిది. పాదాల కింద, తోక కింద మాత్రం కత్తెరతో కొంచెం తగ్గించుకోవచ్చు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న ఊళ్లో మనం ఉంటున్నాం. తిరుపతిలో మే నెల వస్తే నలభై డిగ్రీలు దాటడం మామూలే. అందులోనూ కోర్గికి ఇంకో ఇబ్బంది ఉంది. దాని పొట్ట రోడ్డుకు జానెడు ఎత్తు కూడా ఉండదు, తారు సెగ నేరుగా పొట్టకే కొడుతుంది. తెల్లవారుజామున ఐదింటికి, రాత్రి ఎనిమిది దాటాక తప్ప ఎండాకాలంలో బయటికి తీసుకెళ్లకూడదు. చెయ్యి వెనక్కి తిప్పి రోడ్డు మీద ఆనించి చూడండి. ఐదు సెకన్లు ఉంచలేకపోతే ఆ రోడ్డు మీద కుక్క నడవకూడదు. మధ్యాహ్నం దానికి మేడ మీద గది, రేకుల షెడ్డు, ఆపిన కారు, ఈ మూడూ పనికిరావు. మా ఇంట్లో వెనక వరండాలో కడప బండలు పరిచి ఉన్నాయి. నీళ్లు చల్లి ఫ్యాను వేస్తే పొట్ట ఆనించి, వెనక కాళ్లు రెండూ వెనక్కి బారజాపి కప్పలా పడుకుంటుంది. ఏసీ ఉన్నవాళ్లకు గొడవే లేదు, కరెంటు పోనంతసేపు.

కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. అది జ్వరం కాదు. 104 దాటి, ఆగకుండా రొప్పుతూ, చొంగ జిగటగా కారుతూ, చిగుళ్లు ఎర్రబడి, నడక తూలుతుంటే అది వడదెబ్బ. వెంటనే మామూలు కుళాయి నీళ్లు పొట్ట మీద, తొడల సందుల్లో, పాదాల మీద పోస్తూ ఫ్యాను కింద పెట్టి, తర్వాత ఆసుపత్రికి పరిగెత్తాలి. తడి దుప్పటి కప్పి వదిలేస్తే వేడి లోపలే నిలిచిపోతుంది. మనకు అదృష్టం ఏమిటంటే 1955 నుంచి తిరుపతిలో పశువైద్య కళాశాల ఉంది. శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కూడా ఇక్కడే ఉంది. వేరే ఊళ్లవాళ్లు కుక్కను కారులో వేసుకుని మన ఊరికి వస్తారు. మనం ఊళ్లో ఉండీ ఎందుకు ఆలస్యం చేయాలి?

వెన్ను గురించి మీ కథనంలో ఒక్క ముక్క లేదు. ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువుకు అదనంగా ఒక నకలు చేరడం వల్లే కోర్గి, డాక్స్‌హుండ్, బాసెట్ హౌండ్ లాంటి జాతులకు కాళ్లు పొట్టి అయ్యాయని 2009లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఇలా పొట్టికాళ్లతో, పొడుగు వీపుతో ఉండే జాతుల్లో వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్లలు చిన్న వయసులోనే గట్టిపడి, ఒక్కోసారి జారి నరాన్ని నొక్కుతాయి. అప్పుడు వెనక కాళ్లు పడిపోతాయి. ఘాట్‌లో నడిపినవాడిగా నాకు ఇది తేలిగ్గా అర్థమైంది. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం ఎక్కువున్న బస్సును స్పీడ్ బ్రేకర్ మీద దూకించామంటే దెబ్బ నడి ఛాసిస్ మీదే పడుతుంది. కాబట్టి సోఫా మీంచి, మంచం మీంచి దూకనివ్వకండి. మేడ మెట్లకు చిన్న గేటు పెట్టండి. ఎత్తుకోవాల్సి వస్తే ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి పిరుదుల కింద వేసి, వీపు బల్లపరుపుగా ఉండేలా ఎత్తాలి. చంకల కింద చేతులు వేసి పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి ఫొటోలు దిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మీ మొదటి ఫొటోలో ఉన్న అమ్మాయి సరిగ్గా అలాగే పట్టుకుంది. వయసు మీద పడ్డాక వెనక కాళ్ల పట్టు నెమ్మదిగా పోయే ఇంకో జబ్బు కూడా ఈ జాతిలో ఉంది. అది నొప్పి లేని జబ్బు, మందు లేని జబ్బు. దానికి జన్యు పరీక్ష ఉంది కాబట్టి పిల్లను కొనేముందు తల్లిదండ్రులకు చేయించారా అని అడగాలి. అడిగితే అమ్మేవాళ్లలో చాలామంది మన మొహం వింతగా చూస్తారు. అయినా అడగాలి.

వెన్నుకు పెద్ద శత్రువు బరువు. పెంబ్రోక్ అయితే భుజం దగ్గర 10 నుంచి 12 అంగుళాల ఎత్తు ఉండి, బరువు 14 కిలోల లోపే ఉండాలి. పక్కటెముకలు కంటికి కనపడకూడదు, చేత్తో తడిమితే మాత్రం తెలియాలి. మా ఇంట్లో దీనికి అడ్డం బంధువులు. వచ్చినవాళ్లందరికీ దాని చూపు చూస్తే జాలి. ఒకరు ఇడ్లీ ముక్క, ఒకరు బిస్కెట్, ఒకరు పెరుగన్నం. అన్నం విషం కాదు, కొలతే ముఖ్యం. బిర్యానీలో మిగిలిన ఎముకలు మాత్రం వద్దే వద్దు. ఉడికిన కోడి ఎముక పెళుసుగా విరిగి గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తానికి చేటు.

అన్నిటికంటే ముఖ్యంగా మన ఊరివాళ్లకు చెప్పాల్సింది తిరుపతి లడ్డు గురించి. ప్రసాదం కదా, అందరికీ పంచాలి కదా అని ఇంట్లో ఉన్న మూగజీవానికీ ఒక ముక్క పెడతారు. భక్తితో పెడతారు, తప్పు పట్టలేం. అయితే లడ్డులో ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష అయినా, ఎండుద్రాక్ష అయినా కుక్కల మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం, కొన్ని కుక్కలకు కొద్దిగా తిన్నా ముప్పే. తిన్నట్టు తెలిస్తే వాంతులు మొదలయ్యేదాకా చూడకుండా అప్పుడే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. మా ఇంట్లో లడ్డు డబ్బా ఫ్రిజ్ పైన ఉంటుంది. కోకో వంతు ప్రసాదం మా ఆవిడే తింటుంది, ఆ పుణ్యం ఎవరి ఖాతాలో పడుతుందో నాకు తెలియదు.

పిడుదుల గురించి కూడా చెప్పాలి. పొట్ట గడ్డికి రాసుకుంటూ నడిచే కుక్క కాబట్టి, వానలు పడ్డాక దీనికి పిడుదులు ఇట్టే ఎక్కుతాయి. చెవుల మడతల్లో, వేళ్ల సందుల్లో వేలితో తడిమి చూడాలి. పిడుదుల జ్వరం వస్తే కుక్క తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి నీరసపడుతుంది. డాక్టర్ చెప్పిన మందు తప్పకుండా వాడితే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. టీకాలు, ఏటా రేబిస్ సూది సంగతి మీరు రాశారు, బాగుంది. శేషాచలం అడవికి ఆనుకుని ఉన్న కాలనీలవాళ్లకు ఇంకో మాట. యూనివర్సిటీ ఆవరణల్లోకే చిరుతలు వస్తున్న ఊరు మనది. పన్నెండు అంగుళాల కుక్కను రాత్రిపూట ఆరుబయట కట్టేయకండి.

కొనడం గురించి మీరు రాసిన "నమ్మకమైన చోట కొనండి" అన్న మాట సరిపోదు. నమ్మకం అంటే ఏమిటో చెప్పాలి కదా. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేసుకుని ఉండాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. మైక్రోచిప్ ఉండాలి. ఇవి అడగండి, తల్లి కుక్కను చూపించమనండి. ఫోన్లో వీడియో చూపించి, సగం డబ్బు పంపితే పిల్లను బస్సుకు వేస్తామనేవాళ్లను నమ్మకండి. ఆ బస్సుకు వేయడం ఎలా ఉంటుందో నేను చూశాను. రిటైరయ్యాక ఒకసారి చెన్నై నుంచి ప్రైవేటు బస్సులో వస్తుంటే తిరుపతిలో సామాన్ల డిక్కీ తెరిచారు. అరటిపండ్ల అట్టపెట్టె, దానికి నాలుగు బొక్కలు, లోపల ఏదో జాతి కుక్కపిల్ల. కళ్లు సరిగా తెరవలేకపోతోంది, ఒళ్లంతా దాని మలమే. పెట్టె కోసం వచ్చిన కుర్రాడు బిల్లు మీద సంతకం పెట్టి, పిల్లను చూడకుండానే పెట్టెను బండి మీద పెట్టుకుని పోయాడు.

కోర్గి పిల్లకు ఇప్పుడు లక్ష రూపాయల దాకా అడుగుతున్నారు. పొట్టిది ఫ్యాషనైతే ఏమవుతుందో మన జిల్లాకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి పుంగనూరు ఆవులకు మేత తినిపిస్తున్న ఫొటోలు వచ్చాక, పాడి గురించి ఓనమాలు తెలియనివాళ్లు కూడా "మినీ దూడ దొరుకుతుందా, మేడ మీద పెంచుకుంటాం" అని మా బావమరిది దగ్గరికి వచ్చారు. ఆవుకు మేడేమిటి? వాడు మర్యాదగా టీ ఇచ్చి పంపించేశాడు.

నా మటుకు అడిగితే, మధ్యాహ్నం ఇంట్లో మనిషి ఉండని సంసారం తిరుపతిలో కోర్గిని కొనకూడదంటాను. కుక్క కావాలనే ఉంటే వీధిలో పుట్టిన పిల్లను తెచ్చుకోండి. మన ఎండకు తట్టుకునే ఒళ్లు దానిది, బొచ్చు గొడవ తక్కువ, డబ్బు అక్కర్లేదు. ఇప్పటికే కోర్గి ఇంట్లో ఉన్నవాళ్లకు మాత్రం పైన రాసినవి పనికొస్తాయి.

ఇంత పొడుగు ఉత్తరం మీరు మొత్తం వేయలేకపోవచ్చు. లడ్డు సంగతి, బొచ్చు సంగతి మటుకు తీసేయకండి. బొచ్చు విషయంలో మీ కథనానికి సవరణ కూడా వేస్తే మంచిది. మార్చి వచ్చేసింది. మా రోడ్డులో కుక్కల సెలూన్ వాళ్లు అప్పుడే "సమ్మర్ కట్" అని బ్యానర్ కట్టేశారు, దాని మీద బొమ్మ కోర్గిదే.

ఇట్లు,
రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్,
అవిలాల, తిరుపతి